పేలిన తూటా కేసు మళ్లీ అదేనా?

రైఫిల్ తూటాలో నాలుగు భాగాలుంటాయి: ముందుకు దూసుకుపోయే గుండు, దాన్ని తోసే మందు, మందును అంటించే ప్రైమర్, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి కేసు. ట్రిగ్గర్ నొక్కాక గుండు వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ మళ్లీ పనికిరాదు. మిగిలేది కేసు ఒక్కటే. అమెరికాలో వేటగాళ్లూ, గురి పోటీలకు వెళ్లే షూటర్లూ చాలామంది ఆ ఖాళీ కేసును పారేయరు. శుభ్రం చేసి, ఉక్కు డైలో నొక్కి కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, గుండు అమర్చి మళ్లీ పేలుస్తారు. దీన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. 19వ శతాబ్దపు బైసన్ వేటగాళ్లు కూడా ఈ పని చేసుకునేవారు. 1943లో ఫ్రెడ్ హంటింగ్టన్ కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో మొదలుపెట్టిన ఆర్‌సీబీఎస్ వంటి సంస్థల ప్రెస్సులూ డైలూ వచ్చాక అది ఇళ్ల షెడ్లలోకి విస్తరించింది. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి కాబట్టి ఇక్కడ ఇది ఇంటి వ్యాపకం కాలేదు.

ఈ పని ఒక పాత తాత్త్విక ప్రశ్నను గట్టిగా ముందుకు తెస్తుంది. పేలినప్పుడల్లా ఉబ్బి, డైలో పడ్డప్పుడల్లా సన్నబడి, అంచు కోయించుకుని, మెడ దగ్గర మంట తగిలించుకుని, పదిసార్లు పేలిన కేసు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆ కేసేనా? రూపం పోయి తిరిగి వచ్చిన వస్తువును ‘అదే’ అనడానికి ఆధారం ఏమిటి? న్యాయ, వైశేషిక దర్శనాలు ఆవంలో కాలే కుండను ముందు పెట్టుకుని ఈ ప్రశ్ననే తరతరాలుగా చర్చించాయి. ఇత్తడి కేసు ఆ చర్చకు కుండ కంటే కఠినమైన పరీక్ష పెడుతుంది. కుండ ఆవంలోకి ఒక్కసారే వెళ్తుంది, కేసు నిప్పులోకి పదేపదే వెళ్లి వస్తుంది.

పేలుడులో జరిగేది

కేసుకు వాడే ఇత్తడిలో దాదాపు 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. దాని అడుగు మందంగా, గట్టిగా ఉంటుంది. ఒళ్లు పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. ఆపైన వాలుగా భుజం, దాని మీద గుండును పట్టుకునే సన్నటి మెడ. మందు అంటుకున్నప్పుడు .308 వించెస్టర్ వంటి తూటాలో చదరపు అంగుళానికి సుమారు 60,000 పౌండ్ల ఒత్తిడి పుడుతుంది. అమెరికా పరిశ్రమ ప్రమాణం దానికి పెట్టిన గరిష్ఠ పరిమితి 62,000. ఆ ఒత్తిడికి కేసు గోడలు ఉబ్బి, రైఫిల్‌లో తూటా కూర్చునే గది అయిన ఛాంబర్ గోడలకు అతుక్కుంటాయి. వేడి వాయువు వెనక్కి, షూటర్ ముఖం వైపు రాకుండా అడ్డుకునేది ఈ అతుకే. గుండు గొట్టం దాటి ఒత్తిడి పడిపోగానే ఇత్తడి కొద్దిగా వెనక్కి ముడుచుకుంటుంది. అలా ముడుచుకోబట్టే కేసును బయటికి లాగడం వీలవుతుంది.

ముడుచుకున్నా అది పాత కొలతకు మాత్రం చేరదు. సాగుడులో కొంత భాగం తిరిగి వస్తుంది, కొంత శాశ్వతంగా మిగిలిపోతుంది. అందుకే పేలిన కేసు తాను పేలిన రైఫిల్ ఛాంబర్‌కు దాదాపు అచ్చు. ఒకే ఫ్యాక్టరీ, ఒకే పెట్టె కేసులైనా రెండు వేర్వేరు రైఫిళ్లలో పేలితే రెండు వేర్వేరు కొలతలతో బయటికి వస్తాయి.

డైలో జరిగేది

కేసును కొలతకు తెచ్చే డై గట్టి ఉక్కుతో చేసిన అచ్చు. కేసుకు పలచగా కందెన రాసి ప్రెస్ పిడి దించితే కేసు డైలోకి వెళ్తుంది. కందెన లేకపోతే ఇరుక్కుపోతుంది, ఎక్కువైతే భుజం మీద సొట్టలు పడతాయి. డై లోపలి కడ్డీకి కింద ఉన్న సూది వాడిన ప్రైమర్‌ను కిందికి తోసేస్తుంది. డై మెడను కావలసిన దానికంటే ఎక్కువ నొక్కుతుంది. కేసు కిందికి దిగేటప్పుడు కడ్డీకున్న గుండ్రటి ఉబ్బు మెడ లోపలి కొలతను సరిచేస్తుంది. నొక్కాక కూడా ఇత్తడి కొద్దిగా వెనక్కి వస్తుంది కాబట్టి ఆ మేర డై కావలసిన కొలతను దాటి నొక్కాలి.

నొక్కుడు పడ్డ ఇత్తడి ఎటో ఒకవైపు పోవాలి. అది మెడ వైపు సాగి కేసు పొడవు పెరుగుతుంది. .308 కేసు గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు. అది దాటితే 2.005కు కోస్తారు. ఇక భుజాన్ని అవసరానికి మించి వెనక్కి నెడితే తర్వాతి పేలుడులో కేసు ముందుకూ వెనక్కూ సాగుతుంది. ఆ సాగుడు అడుగుకు కాస్త పైన గోడను పలచబరుస్తుంది. లోపల గాడి పడుతుంది, బయట మెరిసే గీత కనిపిస్తుంది. నిర్లక్ష్యం చేస్తే ఏదో ఒక పేలుడులో కేసు అక్కడ రెండు ముక్కలవుతుంది.

కుండ వాదం

పచ్చికుండ నల్లగా ఆవంలోకి వెళ్లి ఎర్రగా బయటికి వస్తుంది. ఈ రంగు మార్పు ఎక్కడ జరిగిందన్నది ప్రశ్న. వైశేషికుల సమాధానాన్ని పీలుపాకవాదం అంటారు. నిప్పు తగలగానే కుండ పరమాణువులుగా విడిపోతుంది, పాత రంగు పరమాణువుల్లోనే పోయి కొత్త రంగు పుడుతుంది, అవి తిరిగి కలిసి కొత్త కుండ అవుతుంది. ఇదంతా కంటికి అందని క్షణాల్లో ముగిసిపోతుంది కాబట్టి చూసేవాడు అదే కుండ అనుకుంటాడు. నైయాయికులది పిఠరపాకవాదం. కుండ కుండగానే ఉంటుంది, సూక్ష్మ రంధ్రాల గుండా నిప్పు లోపలికి చేరి మొత్తం కుండలోనే రంగు మారుతుంది. మధ్యలో కుండ నశించి ఉంటే దాని మీద పేర్చినవి కూలిపోవాలి కదా అన్నది వారి ప్రధాన ఆక్షేపణ. దానికి తోడు ‘ఇది అదే కుండ’ అనే గుర్తింపు, అంటే ప్రత్యభిజ్ఞ, బలమైన కారణం లేకుండా తోసిపుచ్చదగింది కాదంటారు.

కేసు పేలినప్పుడు ఎవరి మాట నిలుస్తుంది? మొదటి చూపులో నైయాయికుడిదే. ఒత్తిడి శిఖరానికి చేరిన క్షణంలో కేసు ఒక్క చోట విడిపోయినా వాయువు బయటికి తన్నుకొస్తుంది. అది రాకుండా ఆగిందంటే కేసు ఆ క్షణమంతా ఒక్కటిగా నిలిచి ఉందనే అర్థం. ఆవం మీది కుండలు కూలకపోవడం నైయాయికుడికి ఎలాంటి సాక్ష్యమో, షూటర్ ముఖానికి వాయువు తగలకపోవడం అలాంటి సాక్ష్యమే. అయితే వైశేషికుడి మాట ఇక్కడితో ముగిసిపోదు. కేసు మెడకు మంట తగిలించే ఘట్టంలో అది మళ్లీ లేస్తుంది.

స్థితిస్థాపకం

వైశేషికులు చెప్పిన 24 గుణాల్లో సంస్కారం ఒకటి. దానికి మూడు రకాలు: కదిలే వస్తువులో ఉండే వేగం, ఆత్మలో జ్ఞాపకానికి కారణమయ్యే భావన, వంచిన వస్తువును మునుపటి స్థితికి తెచ్చే స్థితిస్థాపకం. విల్లు, చెట్టుకొమ్మ, కొమ్ము, ఎముక, నూలు, బట్ట వంటివాటిని స్థితిస్థాపకానికి ఉదాహరణలుగా వైశేషిక భాష్యకారుడు ప్రశస్తపాదుడు చెప్పాడు. స్పర్శ ఉన్న ద్రవ్యాల్లో, అవయవాలు దట్టంగా కూడిన చోట ఈ గుణం ఉంటుందని అతని నిర్ణయం. ఆంధ్రదేశానికి చెందిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం దాన్ని చాప మొదలైన పృథివీ ద్రవ్యాలకే పరిమితం చేసింది. అదే గ్రంథం గనుల్లో దొరికే బంగారం మొదలైనవాటిని తేజస్సు కింద చేర్చింది. ఈ రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టి ఇత్తడిని కూడా ఆ లోహాల వరుసలో చేరిస్తే దానికి స్థితిస్థాపకం ఉండకూడదు. కానీ పేలిన కేసు ఛాంబర్ గోడను వదిలి వెనక్కి రావడం కళ్లముందు జరిగే విషయం. ఈ ఒక్క సంగతిలో ప్రశస్తపాదుడి విశాలమైన లక్షణమే సరిపోతుంది.

ఈ మూడు సంస్కారాలకూ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. జరిగిపోయిన క్రియ వస్తువులో శేషంగా నిలిచి, తర్వాతి ప్రవర్తనను నిర్ణయిస్తుంది. ఇత్తడి విషయంలో ఈ శేషాన్ని కొలవవచ్చు. ఉబ్బిన ప్రతిసారీ, నొక్కిన ప్రతిసారీ ఇత్తడి కాస్త గట్టిపడుతుంది. గట్టిపడ్డ మెడ డైలో నొక్కినా ఎక్కువగా వెనక్కి వస్తుంది, గుండును ఒకే తీరుగా పట్టదు, చివరికి నిలువునా చీలుతుంది. బయటి కొలత కొత్త కేసుదే అయినా లోపలి స్థితి కొత్త కేసుది కాదు. డై రూపాన్ని వెనక్కి తెచ్చే పనిలోనే శేషానికి మరికొంత కలుపుతుంది.

ముక్క కోసినప్పుడు

పేలుడులోనూ నొక్కుడులోనూ కేసు నుంచి ఇత్తడి ఊడిపోదు. పొడవు సరిచేయడానికి అంచు కోసినప్పుడు మాత్రం కొంత పోతుంది. న్యాయ వైశేషికుల అవయవి సిద్ధాంతం ఇక్కడ కఠినంగా ఉంటుంది. అవయవి, అంటే మొత్తం, తన అవయవాల సంయోగం మీద నిలిచే వేరే ద్రవ్యం. బట్ట నుంచి ఒక్క దారం లాగినా పాత బట్ట నశించి, మిగిలిన దారాల నుంచి ఖండపటం అనే కొత్త బట్ట పుడుతుంది. ఈ లెక్కన అంచు కోసిన ప్రతిసారీ పాత కేసు నశించి ఖండకేసు పుట్టాలి. పేలుడును తట్టుకుని నిలిచిన ఐక్యం చిన్న కోతకు పోతుందన్నమాట. ‘అదే’ అన్న గుర్తింపు అప్పుడు ఒకే జాతి వస్తువుల పోలిక వల్ల కలిగేదే అవుతుంది.

ఆ పోలిక వాదాన్ని బౌద్ధులు చివరిదాకా తీసుకెళ్లారు. ప్రతి వస్తువూ క్షణికమని, ఒక క్షణపు వస్తువు తర్వాతి క్షణపు వస్తువుకు కారణమై నశిస్తుందని, ఆ వరుసనే మనం ఒక వస్తువు అంటామని క్షణికవాదం. రాత్రంతా వెలిగే దీపజ్వాల తొలిజాములోనూ చివరిజాములోనూ అదీ కాదు, వేరూ కాదు అన్న విచారం మిలిందపన్హలో ఉంది. ఈ దృష్టిలో కేసు అంటే ఒక సంతానం, కారణ కార్యాల ధార. ఒక పేలుడు వదిలిన మార్పు ధార వెంట తర్వాతి పేలుడుకు అందుతుంది. లోపలి స్థితి క్రమంగా మారడాన్ని ఈ వాదం బాగా వివరిస్తుంది. ధారలో ఏదీ నిలవనప్పుడు పోగుపడేది ఎక్కడ పోగుపడుతుందన్నది దాని మీద ఎప్పుడూ ఉన్న ప్రశ్న.

జైనులు రెంటికీ మధ్య నిలిచారు. సత్ అనేదానికి ఉత్పాదం, వ్యయం, ధ్రౌవ్యం మూడూ ఒకేసారి ఉంటాయని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం చెబుతుంది. ద్రవ్యంగా నిలుస్తూనే పర్యాయంగా మారుతుంది. ఇత్తడిగా కేసు నిలిచింది, ఉబ్బిన పర్యాయం పోయి నొక్కిన పర్యాయం వచ్చింది. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఏ మార్పు తిరిగి రాగలది, ఏది రాలేనిది అన్న తేడాను ఈ సూత్రం ఒక్కటే చూపించదు.

మంట తుడిచేది, తుడవలేనిది

గట్టిపడ్డ మెడను, భుజాన్ని కొద్ది క్షణాలు వేడిచేసి మెత్తబరచడాన్ని అనీలింగ్ అంటారు. అడుగుకు వేడి తగలనివ్వరు. అది మెత్తబడితే ఒత్తిడిని ఆపలేదు. ఈ వేడికి కేసు రూపం మారదు, కొలత మారదు. మారేది లోపల. సాగి నలిగిన పాత స్ఫటిక రేణువుల స్థానంలో ఒత్తిడి లేని కొత్త రేణువులు పుట్టి పెరుగుతాయి. లోహం కరగదు, గట్టిగా ఉండగానే ఇది జరుగుతుంది. పరమాణువులు పూర్తిగా విడిపోవు కాబట్టి దీన్ని పీలుపాకం అనలేం. అయినా బయట కుండ చెక్కుచెదరకుండా కనిపిస్తుండగా లోపల పాత నిర్మాణం పోయి కొత్తది పుడుతుందన్న వైశేషికుల ఊహకు ఇది దగ్గరి విషయమే. మొత్తం స్థాయిలో నైయాయికుడు సరి, రేణువుల స్థాయిలో వైశేషికుడికీ వాటా ఉంది.

కంటికి కనిపించని శేషం నిజమని చూపిన సంఘటనలు భారతదేశంలోనే జరిగాయి. బ్రిటిష్ పాలన కాలంలో వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ ఉంచిన తూటాల ఇత్తడి కేసులు ఎవరూ పేల్చకుండానే పగిలేవి. ఋతువుతో ముడిపడినట్టు కనిపించడంతో దీనికి ‘సీజన్ క్రాకింగ్’ అనే పేరు పడింది. 1921లో దీని కారణం తేలింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన అంతర్గత ఒత్తిడి, రెండూ కలిస్తే లోహం చీలుతుంది. కేసులను వేడిచేసి ఆ ఒత్తిడిని పోగొట్టడం విరుగుడు అయింది. కొలతలో కొత్తగా, చూపుకు నిగనిగలాడుతూ ఉన్న కేసులో కూడా తయారైన తీరు శేషంగా నిలిచే ఉంటుంది.

కేసులో జరిగే మార్పులు దీనితో మూడు తరగతులుగా విడిపోతాయి. మొదటిది ఆకారం: పేలుడు చెరిపితే డై వెనక్కి తెస్తుంది. రెండోది అంతఃస్థితి: డై దాన్ని పెంచుతుంది, మంట తగ్గిస్తుంది. మూడోది ద్రవ్యం ఉన్న చోటు: అడుగుకు పైన పలచబడ్డ గోడలోని ఇత్తడి పైకి జరిగిపోయింది, కొంత కోతలో రాలింది. డై గానీ మంట గానీ దాన్ని తిరిగి అక్కడికి తేలేవు. దర్శనాల మధ్య తగవు చాలావరకు ఈ మూడింటినీ ఒకే ‘మార్పు’గా తీసుకోవడం వల్ల ముదిరింది.

ఏ రూపానికి తిరిగి రావాలి?

రూపం వెనక్కి తేవాలంటే అది ఏ రూపమో ముందు తేలాలి. ఇక్కడ హ్యాండ్‌లోడర్ల ముందు రెండు దారులున్నాయి. పూర్తి కేసును డైలో నొక్కితే అది ప్రమాణ కొలతకు వస్తుంది, ఆ రకం ఏ రైఫిల్‌లోనైనా పడుతుంది. మెడను మాత్రమే నొక్కితే ఒళ్లు, భుజం తాను పేలిన ఛాంబర్ రూపంలోనే ఉంటాయి. అలాంటి కేసు తన రైఫిల్‌లో ఒదిగి కూర్చుంటుంది, మరో రైఫిల్‌లో పట్టకపోవచ్చు. మొదటిది సామాన్యానికి, రెండోది వ్యక్తికి విధేయత.

దశాబ్దాలపాటు పోలీసుల భుజాన కనిపించిన త్రీ నాట్ త్రీ రైఫిల్ రెండో దారికి మంచి ఉదాహరణ. దాని తూటాకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన రిమ్ ఉంటుంది, ఛాంబర్‌లో తూటాను ఆపేది ఆ రిమ్మే. భుజం ఎక్కడున్నా ఫరవాలేదు కాబట్టి ఆ రైఫిళ్ల ఛాంబర్లు ముందు వైపు వదులుగా ఉండేవి. అలాంటి కేసును పేలిన ప్రతిసారీ ప్రమాణ కొలతకు నొక్కితే ప్రతిసారీ సాగి త్వరగా తెగుతుంది. మెడ మాత్రమే నొక్కితే ఎక్కువ కాలం మన్నుతుంది. అలాంటి రిమ్ లేని .308 వంటి కేసులో తూటాను ఆపేది భుజం. అక్కడ నేటి వాడుక మధ్యేమార్గం: బోల్ట్ రైఫిల్‌కు భుజాన్ని అంగుళంలో వెయ్యో వంతు, రెండు వంతుల మేర మాత్రమే వెనక్కి నెట్టడం. మెడ మాత్రమే నొక్కే పద్ధతిలో కొన్ని పేలుళ్లయ్యాక కేసు ఛాంబర్‌లో బిగుసుకుంటుంది, అప్పుడు పూర్తి నొక్కుడు తప్పదు.

అంటే వస్తువుకు సరైన రూపం దానిలోనే ఒంటరిగా ఉండదు. ఏ ఛాంబర్‌తో జతకట్టాలో దాన్నిబట్టి రూపం నిర్ణయమవుతుంది. ప్రమాణం అవసరమే, కానీ ప్రమాణానికి మించి దిద్దడం వస్తువును తినేస్తుంది.

యోగ్యతా, నిర్మూలనా

దిద్దుబాటు గతాన్ని పోగొడుతుందా, పనికి యోగ్యతను మాత్రమే ఇస్తుందా అన్న ప్రశ్నను ధర్మశాస్త్రం ప్రాయశ్చిత్తం విషయంలో ఎదుర్కొంది. తెలియక చేసిన పాపం ప్రాయశ్చిత్తంతో పోతుందని, తెలిసి చేసినవాడు ప్రాయశ్చిత్తం వల్ల లోకవ్యవహారానికి యోగ్యుడు మాత్రమే అవుతాడని యాజ్ఞవల్క్య స్మృతి విడదీసింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రాశాడు. మితాక్షరను ఆధారం చేసుకుని 13వ శతాబ్దంలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం రచించాడు. లోహానికి పాపపుణ్యాలు లేవు, సంకల్పం లేదు. ఆ మేరకు పోలిక చెల్లదు. కానీ స్మృతి చూపిన విభజన చెల్లుతుంది. మళ్లీ వాడుకలోకి రావడం వేరు, జరిగినదాని శేషం పోవడం వేరు. డై చేసేది మొదటిది, మంట కొంతవరకు చేసేది రెండోది. పలచబడ్డ గోడకు ఏ ప్రాయశ్చిత్తమూ లేదు.

నిర్ణయం

అదేతనానికి ఆధారం రూపం అనుకుంటే పేలిన కేసు ఛాంబర్ నుంచి వచ్చినప్పుడు వేరే కేసై, డై నుంచి వచ్చినప్పుడు మళ్లీ మొదటి కేసు కావాలి. ఎవరూ అలా వ్యవహరించరు. ద్రవ్యపు ప్రతి రేణువూ నిలవడమే ఆధారం అనుకుంటే అంచు కోతతో కేసు నశించాలి. ఎవరూ అలా కూడా వ్యవహరించరు. జాగ్రత్తగల హ్యాండ్‌లోడర్ ప్రతి జట్టు కేసులు ఎన్నిసార్లు పేలాయో రాసి పెట్టుకుంటాడు. కొన వంచిన సన్నటి తీగను కేసు లోపల అడుగుకు పైన ఆనించి గాడి తగులుతుందేమో చూస్తాడు. తగిలితే మరెవరూ వాడకుండా దాని మెడ నలిపి పారేస్తాడు. ఈ అలవాట్లన్నిటికీ అర్థం ఒక్కటే: కేసు తన మీద జరిగినదాన్ని మోసుకుంటూ వస్తోంది. ఆ మోతే దాని అదేతనం.

నైయాయికుడి ప్రత్యభిజ్ఞకు బలం ఇక్కడే దొరుకుతుంది. ‘ఇది అదే’ అన్న గుర్తింపు రూపపు పోలిక మీద మాత్రమే నిలిస్తే బౌద్ధుడు దాన్ని జ్వాల మాదిరి భ్రమ అని కొట్టేయవచ్చు. పోగుపడిన సంస్కారం మీద నిలిస్తే అలా కొట్టేయలేడు, ఎందుకంటే తొమ్మిది పేలుళ్ల శేషం పదో పేలుడులో నిజమైన ఫలితం ఇస్తుంది. డై కేసును నిజంగా కొత్తది చేయగలిగితే పేలుళ్ల లెక్క ప్రతిసారీ సున్నా నుంచి మొదలు కావాలి. అలా మొదలు కాదు. కొత్తది కాలేదు కాబట్టే అది అదే కేసు.